అమ్మమ్మ పాటలో మిగతా సగం

మెల్‌బోర్న్‌లో ఒక యూదుల బడిలో నేను లెక్కలు చెబుతాను. "వాళ్ళ బడిలో నీకేం పనే?" అని మా పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. లెక్కలు ఎక్కడైనా లెక్కలే కదా అంటాను. మా ఇల్లు క్రెయిగీబర్న్‌లో, బడి ఊరికి ఆ చివర. రైలు మారి వెళ్ళాలి. రైల్లో కూర్చుని పేపర్లు దిద్దుకోవడం అలవాటైపోయింది.

ఒకరోజు ప్రిన్సిపాల్ స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, "ఈ ఏడు టెన్త్ పిల్లల ట్రిప్‌కి నువ్వూ రావాలి," అన్నాడు. పిల్లలకి తమ పూర్వీకులు బతికిన చోట్లు చూపించడానికి ఏటా పోలండ్ తీసుకెళ్తారు. ఈసారి కేరళ.

"నాకు మలయాళం రాదండీ. మాది తెనాలి దగ్గర. కేరళ నేనూ చూడలేదు," అన్నాను.

"ఇండియాయే కదా," అన్నాడాయన నవ్వుతూ. నేను వినయం కోసం అలా చెప్తున్నాననుకున్నట్టున్నాడు.

పోలండ్ కాస్తా కేరళ అవడానికి కారణం నా క్లాసులో ఒక అమ్మాయి. చామనఛాయ, ఒత్తయిన నల్ల జుట్టు, మాట తక్కువ. మొదటిసారి చూసినప్పుడు మన పిల్లే అనుకుని పొరపాటున తెలుగులో పలకరించబోయాను. వాళ్ళమ్మమ్మ పుట్టింది కొచ్చికి ఉత్తరాన, నదీ పాయల మధ్య ఉన్న చిన్న ఊళ్ళో. పదిహేనేళ్ళ వయసులో ఆ ఊరి యూదులందరితో పాటు ఓడెక్కి ఇజ్రాయెల్ వెళ్ళింది. పెళ్ళయ్యాక ఆస్ట్రేలియా వచ్చింది. ఇప్పుడు మనవరాలి ఇంట్లోనే ఉంటోంది.

ఈ అమ్మాయి ఎయిత్ ఇయర్‌లో ఉండగా, హీబ్రూ చెప్పే మాస్టారు గోడకి ఒక పెద్ద మ్యాప్ తగిలించి, మీ మీ పెద్దవాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారో అక్కడ పిన్ను గుచ్చండి అన్నారు. పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళి పోలండ్‌లో, హంగేరీలో, లిథువేనియాలో గుచ్చారు. ఈ పిల్ల వంతు వచ్చింది. అది యూరప్ మ్యాపు. కిందకి చూస్తే గ్రీసు దగ్గర కాగితం అయిపోయింది. కాసేపు అలాగే నిలబడి, తర్వాత కుడివైపు కిందకి వంగి, ఫ్యాను స్విచ్చు పక్కన ఉత్త గోడలోకి పిన్ను దిగ్గొట్టిందట. క్లాసంతా నవ్వారు. ఒక అబ్బాయి, "అయితే మీవాళ్ళు తర్వాత మతం మారినవాళ్ళా?" అని అడిగాడు.

"మీవాళ్ళు పోలండ్ చేరేనాటికే మావాళ్ళు అక్కడ మిరియాల వ్యాపారం చేస్తున్నారట. మా అమ్మమ్మ చెప్పింది," అని వచ్చి తన చోట కూర్చుంది.

అప్పటి నుంచి ప్రతి ఏడూ అడుగుతూనే ఉంది. "పోలండ్ ఎందుకు వెళ్ళాలో, అక్కడ మనవాళ్ళని ఎంతమందిని చంపారో నాకు తెలుసు, కానీ మావైపు కూడా ఒకసారి వెళ్దాం," అని. చివరికి తల్లిదండ్రుల మీటింగులో లేచి నిలబడి చెప్పింది.  వేడి, జబ్బులు, తిండి, దూరం అంటూ రకరకాల అభ్యంతరాలు వచ్చాయి. అన్నీ అయ్యాక హీబ్రూ మాస్టారు లేచి, "ఈ పిల్ల గోడలో గుచ్చిన పిన్ను నేను తియ్యలేదు. రోజూ నా కళ్ళ ముందే ఉంటోంది. నాకే సిగ్గుగా ఉంది," అన్నారు. ఆయన మాటకి బడిలో విలువ ఎక్కువ. అలా కేరళ ఖాయమైంది.

కొచ్చిలో దిగినరోజే నా పరువు పోయింది. బస్సు డ్రైవరు ఏదో అడిగితే పిల్లలంతా నా వైపు తిరిగారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సినిమాల్లో విన్న తమిళం కాస్త కలిపి చెప్పబోతే ఆయన నన్ను జాలిగా చూసి ఇంగ్లీషులోకి దిగాడు.

కానీ ఒక్క విషయంలో మాత్రం నేను పనికొచ్చాను. వాళ్ళకి తిండి నియమాలు గట్టివి. తమ పద్ధతిలో కోయని మాంసం వండిన గిన్నెలో వండింది తినకూడదు. సూట్‌కేసుల నిండా డబ్బాల్లో చేపలు, క్రాకర్లు, పీనట్ బటర్ మోసుకొచ్చారు. నేను వెతికి వెతికి శుద్ధ శాకాహారం వండే హోటలు పట్టుకుని, వంటింట్లోకి వెళ్ళి వంటాయనతో మాట్లాడి, మాతో వచ్చిన హీబ్రూ మాస్టారిని కూడా లోపలికి తీసుకెళ్ళి గిన్నెలు చూపించాను. ఆయన సాంబారులో ఏమేం వేస్తారో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుని, వాళ్ళ నియమం ప్రకారం పొయ్యి తన చేత్తో వెలిగించి, సరే అన్నారు. మర్నాటికి పిల్లలు పీనట్ బటర్ ఊసెత్తలేదు. మతం మారినవాళ్ళా అని అడిగిన ఆ అబ్బాయి దోసెల మీద దోసెలు లాగిస్తుంటే వంటాయన బయటికొచ్చి చూసి వెళ్ళాడు.

ఊరు తిరుగుతుంటే ఇంకో తమాషా జరిగింది. దుకాణాలవాళ్ళు, ఆటోవాళ్ళు అందరూ ఆ అమ్మాయితో నేరుగా మలయాళంలో మాట్లాడేవారు. మిగతా పిల్లల్ని మాత్రం ఆగి ఆగి చూసేవారు. యూదుల పాత ప్రార్థనా మందిరం, సినగాగు దగ్గర టికెట్లు ఇచ్చే ఆవిడ ఆ అబ్బాయిని, "మీరు క్రిస్టియన్లా?" అని అడిగింది.

"కాదండీ, యూదులం."

"నిజంగానా?" అని ఆవిడ వాడి ఎర్రజుట్టు వైపు అనుమానంగా చూసింది.

పిల్లలు పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు. కాసేపయ్యాక ఆ అమ్మాయి పక్కకి చేరి, "నిన్ను ఇలాగే అడుగుతుంటారా ఎప్పుడూ?" అన్నాడు.

"దాదాపు రోజూ," అంది.

 ఆ రోజంతా దాని బ్యాగు వాడే మోశాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మమ్మ పుట్టిన ఊరికి బయల్దేరాం. దారి పొడుగునా నీళ్ళు, కొబ్బరిచెట్లు. ఆ అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని గోళ్ళు కొరుకుతోంది. పక్కన నేను కూర్చున్నాను.

"మిస్, అక్కడ ఏమీ అనిపించకపోతే ఎలా? ఇంతమందిని ఇంత దూరం లాక్కొచ్చాను."

"అనిపించకపోతే చూసి వచ్చేద్దాం. దోసెలైతే తిన్నాం కదా," అన్నాను.

నవ్వింది గానీ గోళ్ళు వదల్లేదు.

ఊళ్ళో ఇప్పుడు యూదులెవరూ లేరు. సినగాగుని బాగుచేయించి మ్యూజియంగా ఉంచారు. తెల్లటి గోడలు, పెంకుల కప్పు. గడప దగ్గర ఆ అమ్మాయి చెప్పులు విడిచింది. మిగతావాళ్ళు ఆగిపోయారు. యూదుల గుళ్ళలో మామూలుగా చెప్పులు తియ్యరు.

"ఇక్కడివాళ్ళు తీసేవారు. మా అమ్మమ్మ ఇప్పటికీ ఇంట్లో దీపం ముందు చెప్పుల్తో నిలబడదు," అంది.

మాస్టారు వంగి తన బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టారు. పిల్లలందరూ విప్పారు. నాకైతే ఎవరూ చెప్పక్కర్లేదు, అప్పటికే వట్టికాళ్ళతో ఉన్నాను. ఈ ప్రయాణంలో మొదటిసారి నా అలవాటూ వాళ్ళ ఆచారమూ ఒకటయ్యాయి.

లోపల చెక్క కప్పు నిండా రంగు రంగుల తామరపూలు చెక్కి ఉన్నాయి. పైన ఆడవాళ్ళు కూర్చునే మేడ. అమ్మమ్మ చిన్నప్పుడు తన తల్లి ఒళ్ళో కూర్చుని ప్రార్థనలు విన్నది అక్కడే. మ్యూజియం చూసుకునే ఆయన తలుపు తీసి, ఈ ఊరి యూదుల మనవరాలు వచ్చిందని దారిన పోయేవాళ్ళకి కూడా చెప్తున్నాడు.

ఆ ఊరి యూదు ఆడవాళ్ళకి పెళ్ళిళ్ళలో మలయాళంలో పాడుకునే పాటలు ఉండేవి. అమ్మమ్మ మనవరాలికి ఒకటి నేర్పింది. పూర్తిగా కాదు, సగం. తర్వాతి చరణాలు అమ్మమ్మ వాళ్ళక్క పాడేదట, అక్క పోయాక ఆ సగం ఎవరికీ తెలియలేదు. పిల్లకి పాటలో ఒక్క మాటకి కూడా అర్థం తెలియదు, బాణీ మాత్రం తెలుసు.

"అమ్మమ్మ కూర్చున్న చోట నిలబడి పాడతాను," అని మాస్టారిని అడిగింది.

అందరం ఆయన వైపు చూశాం. ఆయనది నిష్ఠ గల కుటుంబం. మగవాళ్ళ ఎదుట ఆడపిల్ల పాడితే ఆయన లేచి బయటికి వెళ్ళిపోతారు. బడి ఫంక్షన్లలో ఎన్నోసార్లు చూశాను.

"మా ఊళ్ళో మగవాళ్ళు కూర్చుని వినేవారట," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా.

ఆయన కాసేపు గడ్డం సవరించుకున్నారు. "ఇది వాళ్ళ మందిరం. వాళ్ళ మగవాళ్ళు ఏం చేసేవారో నేనూ అదే చేస్తాను," అని గోడవారన బెంచీ మీద కూర్చున్నారు.

పిల్ల మేడ ఎక్కింది.  పాట మొదలుపెట్టింది. పెద్ద గొంతేం కాదు. కానీ ఆ చెక్క కప్పు కింద ఒక్కో మాటా గుండ్రంగా తిరిగి మా మీదకి దిగుతున్నట్టనిపించింది. నాకు ఒకే ఒక్క మాట తెలిసింది, కల్యాణం. సగం దాకా వచ్చి, తనకి తెలిసిన చివరి పాదం పాడి ఆపేసింది.

చప్పట్లు కొట్టబోతున్నాం. అంతలో గుమ్మం దగ్గర్నుంచి ఇంకో గొంతు అందుకుంది.

తెల్లచీర, తల చుట్టూ తెల్లటి ముసుగు, ఎనభై దాటిన ముసలావిడ. సన్నటి గొంతు, అక్కడక్కడా జీర. అయినా ఎక్కడా తడుముకోలేదు. కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి తలుపు మీద ఆనించి, ఆగిపోయిన చోటు నుంచి చివరిదాకా పాడింది. మేడ మీద పిల్ల కటకటాలు పట్టుకుని కిందకి వంగి వింటోంది. పాట అయ్యాక చప్పట్లు ఎవరికీ గుర్తు రాలేదు.

మ్యూజియం ఆయన మధ్యలో ఉండి మాటలు ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ పక్క వీధి ముస్లిం ఇంటావిడ. చిన్నప్పుడు ఇరుగుపొరుగు యూదుల పెళ్ళి అంటే వాళ్ళింట్లో అందరూ అక్కడే ఉండేవారట. ఆ పాటలు ఆడుకుంటూ వినీ వినీ వచ్చేశాయి. "మీవాళ్ళు వెళ్ళిపోయాక పాడటానికి పెళ్ళిళ్ళు లేవు. వంట చేసుకుంటూ పాడుకుంటాను," అంది. తర్వాత పిల్ల గడ్డం పట్టుకుని, "ఎవరి మనవరాలివి, మోళే?" అని అడిగింది. మోళే అంటే మనం చిట్టితల్లీ అన్నట్టు.

 పిల్ల ఫోన్ తీసి మెల్‌బోర్న్‌కి వీడియో కాల్ చేసింది. అక్కడ సాయంత్రం, అమ్మమ్మ టీ తాగుతోంది. ముందు హీబ్రూలో ఏదో అంది. తర్వాత ఇంగ్లీషు. ముసలావిడ ఫోన్‌లోకి మొహం పెట్టి ఒక ఇంటిపేరు, ఒక వీధి పేరు చెప్పింది. అమ్మమ్మ కప్పు కింద పెట్టేసింది. అంతే, ఇక మలయాళం. ఎన్నేళ్ళుగా మాట్లాడలేదో, ముందు ఒక్కొక్క మాటే వచ్చింది, తర్వాత వరదలా వచ్చింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒకరి మాట ఒకరు వింటున్నారో లేదో తెలియదు. మ్యూజియం ఆయన కొంతసేపు అనువాదం చేసి, "ఇప్పుడు మేకల గురించి," అని చెప్పి ఊరుకున్నాడు.

మేకల సంగతి అయ్యాక ముసలావిడ మిగతా పాట మళ్ళీ పాడింది. అమ్మమ్మ ఫోన్‌లో పెదవులు కదుపుతూ వింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మళ్ళీ పెట్టుకుంటూ, మళ్ళీ తుడుచుకుంటూ ఉన్నారు.

మేం మధ్యాహ్నం దాకా కదల్లేదు. ముసలావిడ పాదం పాదం చెప్పి పిల్లకి నేర్పింది. పిల్లతో పాటు అందరూ కూర్చున్నారు. ళ, తెలుగులో లేని ఴ శబ్దం పలకలేక వాళ్ళు నాలుకలు మెలికలు తిప్పుతుంటే ఆవిడ నోరు తెరిచి నాలుక ఎక్కడ పెట్టాలో చూపించింది. ఎర్రజుట్టువాడికి అందరికన్నా ముందు వచ్చింది. బయల్దేరేటప్పుడు ఆవిడ పిల్ల తల మీద రెండు చేతులూ పెట్టి ఏదో అంది. అనువాదం ఎవరూ అడగలేదు.

తిరుగు దారంతా బస్సులో అదే పాట. డ్రైవరు ఉచ్చారణ సరిదిద్దుతూ నడిపాడు. సిగ్నల్ దగ్గర స్కూటర్లవాళ్ళు తల తిప్పి చూశారు. తెల్ల పిల్లలు కిటికీల్లోంచి మలయాళం పెళ్ళిపాట పాడుతుంటే ఎవరు చూడరు? ఆ అమ్మాయి బస్సు మధ్యలో నిలబడి, చెయ్యి ఊపుతూ అందరిచేతా పాడిస్తోంది. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తని పిల్ల.

మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టుకి అమ్మమ్మ చక్రాల కుర్చీలో వచ్చింది. పిల్లలు సామాన్లు వదిలేసి ఆవిడ చుట్టూ చేరారు. అక్కడే, ట్రాలీల మధ్య, మొదటి నుంచి చివరిదాకా పాడారు. సెక్యూరిటీ అతను దగ్గరికి వచ్చి, ఆగి, చేతులు కట్టుకుని విన్నాడు. అమ్మమ్మ మొత్తం విని, వేలెత్తి, రెండో సగంలో ఒక మాట తప్పు, అక్క అలా పాడేది కాదని చెప్పింది. "ఆ పక్క వీధిది చిన్నప్పుడు కూడా అక్కడే తప్పు పాడేది," అని ఫోన్ తెప్పించుకుని అప్పటికప్పుడే ముసలావిడకి ఆ సంగతి చెప్పింది. అవతల్నుంచి గట్టిగా వాదన మొదలైంది. ఇద్దరూ వెనక్కి తగ్గలేదు.

వాదన మధ్యలో అమ్మమ్మ నన్ను చూసి మలయాళంలో ఏదో అడిగింది.

"నేను తెలుగుదాన్నండీ, ఆంటీ," అన్నాను ఇంగ్లీషులో.

"అయితే ఏం? ఇన్ని రోజులు వాళ్ళతో ఉన్నావు కదా. పాడు," అంది.

మా ఆయన దూరం నుంచి కారు తాళాలు చూపిస్తున్నాడు, పార్కింగ్ టైము అయిపోతోందని. పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. బడిలో ఇన్నేళ్ళలో వాళ్ళ ముందు నేనెప్పుడూ పాడలేదు. హ్యాండ్‌బ్యాగు మాస్టారి చేతికిచ్చి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.