గాబరాకు మందు

పెనుకొండలో మా వీధి ఆరోగ్య కేంద్రంలో ముప్పై దాటిన ఆడవాళ్లందరినీ రొమ్ము పరీక్ష చేస్తున్నారని తెలిసి వెళ్లినదాన్ని కాదు నేను. బీపీ మాత్రల కోసం వెళ్తే పట్టుకున్నారు. నర్సమ్మ కుడి రొమ్ము తడిమి చూసి, ఆగి, అదే చోట మళ్లీ తడిమింది. ఆ రెండోసారికే గడ్డేదో తగిలిందని నాకు అర్థమైంది. హిందూపురం పోయి స్కానింగూ, సూది పరీక్షా చేయించుకోమని చీటీ రాసిచ్చింది.

చేయించుకున్నాను. రిపోర్టుకు పది రోజులు పడుతుందన్నారు. అలాంటి పది రోజులు పగవాళ్లకు కూడా వద్దు. ముద్ద గొంతు దిగేది కాదు. జాకెట్లు కుట్టి బతికేదాన్ని, ఒకామె ఛాతీ చుట్టూ టేపు పెడితే చాలు నా గడ్డే గుర్తొచ్చేది. కొలతలు తప్పి ఒక పట్టు గుడ్డ పాడుచేసి, తిట్లు తిన్నాను. ఆ కోపమంతా ఇంటికొచ్చి పిల్లల మీద చూపించాను.

మూడో రోజు నర్సమ్మ దగ్గరికి పోయి ఏడ్చేశాను. ఆమె నన్ను ఏడవనిచ్చి, తర్వాత చెప్పింది.

"పొద్దున్నే అర్ధగంట గట్టిగా నడువమ్మా, చేతులూపుకుంటా. ఊరికే కూర్చుంటే మనసు దాన్నే తవ్వుతాంటాది. కానీ ఒకటి గుర్తు పెట్టుకో. ఇది గాబరాకు మందు, గడ్డకు కాదు."

మా దిక్కు ఆడది చేతిలో బిందో సంచో లేకుండా రోడ్డు మీద నడిస్తే దారి పొడుగునా "యాడికి పోతాండావు?" అంటారు. షుగరని చెప్పాను. షుగరంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు. మొదటి రెండు రోజులు చెమట తప్ప ఏమీ దక్కలేదు. నర్సమ్మను మనసులోనే తిట్టుకున్నాను. మూడో పొద్దు కోట కొండ దిక్కు పోయి తిరిగొస్తుంటే, అంతసేపూ గడ్డ గురించి అనుకోనే లేదని తట్టింది. ఇంటికొచ్చి రెండు సంగటి ముద్దలు తిన్నాను. భయం పోలేదు. కానీ దాని పక్కన నేను కూర్చోవడానికి కాస్త చోటు దొరికింది.

ఆ సంబరం ఎవరికైనా చెప్పాలనిపించి ధర్మవరంలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. అక్కా బావా పక్కపక్కన కూర్చుని ఒకే మగ్గం మీద పట్టుచీర నేస్తారు. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఫోను ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. బావ వింటుండగా రొమ్ము పరీక్ష మాట ఎట్లా తీసేది? మనసు బాగాలేక నడుస్తున్నానని, నడిస్తే బాగుందని మాత్రం చెప్పాను.

"నాకూ నిద్ర పట్టదే," అంది అక్క. "వంగి వంగి ఈ కొయ్య ఎదకు ఒత్తుకొని గడ్డ కట్టుండాది. దాని మీదే ధ్యాస."

నేసిన చీర చుట్టుకునే కొయ్య అది. బావ గొంతు వినబడింది. "మగ్గంలో కూర్చున్నోళ్లకు యాడో ఒకచోట కాయ కాయదా?"

ఒక్క మాట చాలు అప్పుడు. హిందూపురం రా అక్కా, నేనూ చూపించుకున్నా అంటే చాలు. బావ వింటున్నాడు. నాకు సిగ్గేసింది. "నువ్వూ నడువక్కా, నాకు నయమైంది," అన్నాను. మిగతాది కలిసినప్పుడు చెబుదామనుకున్నాను.

పదో రోజు రిపోర్టు వచ్చింది. కొవ్వు గడ్డ, భయం లేదన్నారు. ఆ ఆనందంలో అక్క గడ్డ నా తలలోంచి జారిపోయింది. ఇప్పుడు దీనికి ఏ పేరు పెట్టుకున్నా, అప్పుడు జరిగింది మాత్రం ఇదే: నేను బతికాను, మరిచిపోయాను.

ఎనిమిది నెలలకు, బంధువుల పెళ్లికి జాకెట్టు కుట్టించుకోవాలని అక్క ప్యాసింజర్ రైల్లో పెనుకొండ వచ్చింది. కాస్త చిక్కింది, ముఖం మాత్రం తేటగా ఉంది. కొలత కోసం టేపు చుట్టాను. ఎడమ పక్క నా వేళ్ల కింద రాయి తగిలింది. జాకెట్టు విప్పించి చూశాను. చర్మం లోపలికి లాక్కుపోయి ఉంది. మర్నాడే హిందూపురం తీసుకుపోయాను.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు కాగితాలు తిప్పి చూసి, క్యాన్సరు చంకలోకీ ఎముకల్లోకీ పాకిందన్నాడు.

"ఇన్ని నెలలు ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగాడు.

అక్క కుర్చీలో సర్దుకుని కూర్చుంది, బడిలో జవాబు తెలిసిన పిల్లలాగా.

"ఊరికే లేను సార్. దినామూ నడుస్తాండా. వాన వచ్చినా ఇడిసిపెట్టలే. మా చెల్లెలు చెప్పింది," అని నా దిక్కు చూసి నవ్వింది.