సెకన్ల ముల్లు కారు కింద ఇరుక్కున్న ఆదివారం

మా వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన్ని అందరూ సెకన్ల ముల్లు అనేవారు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు, ఒక్కచోట కుదురుగా నిలబడడు. పనిమంతుడే. చీమతలంత స్క్రూ నేలమీద పడితే, చప్పుడును బట్టి ఎటు దొర్లిందో చెప్పేవాడు. చిక్కల్లా ఒక్కటే. గడియారం విప్పి బిగించగలవాడు దేన్నయినా విప్పి బిగించగలడని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి అప్పటికే సొంత కుట్టుమిషను, పక్కింటివాళ్ల నీళ్ల పంపు బలయ్యాయి.

ఆయన భార్య ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. ఇరవయ్యేళ్లుగా విరిగినవాళ్లని చూస్తోంది కాబట్టి, ఎవరు ఎలా విరగబోతున్నారో ఆవిడకి ముందే తెలిసిపోయేది.

బావమరిది వాడి వదిలేసిన పాత కారొకటి వాళ్లింటికి చేరింది. నడుస్తుంటే కింద సైలెన్సరు గొట్టం డబడబా కొట్టుకునేది. ఒక ఆదివారం పొద్దున ఆయన ఇంటిముందు కారు వెనకభాగాన్ని జాకీతో లేపి, చెయ్యి దూరడానికని ఒక చక్రం ఊడదీశాడు.

"ముందు చక్రాలకి అడ్డం ఏమీ పెట్టలేదేం?" అంది భార్య గుమ్మంలోంచి.

"హ్యాండ్‌బ్రేకు వేశాను."

"అది పట్టట్లేదని మొన్న మీరేగా అన్నారు."

"పూర్తిగా పట్టదన్నాను. కొంచెం పడుతుంది."

"ఒక్క జాకీని నమ్ముకుని కింద దూరకూడదట. పక్కన దిమ్మలు పెట్టాలని మా వార్డులో ఒకాయన చెప్పాడు."

"ఎవరాయన?"

"పెట్టకుండా దూరినాయన."

అయిదు నిమిషాల పనికి ఇంత హంగామా ఎందుకంటూ ఆయన కిందికి దూరాడు. ఆవిడ ఊడదీసిన చక్రాన్ని కాలితో తోసుకొచ్చి, కారు అంచు కింద పడుకోబెట్టింది.

"ఉన్న చోటంతా ఇదే తినేస్తోంది," అని ఆయన సణిగాడు.

"తిననివ్వండి," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

బోల్టు తుప్పుపట్టి ఉంది. గడియారాల మనిషికి బలం వాడే అలవాటు లేదు. ఆ రోజు వాడాడు. రెండు చేతులా పానా పట్టుకుని గుంజేసరికి కారు రెండంగుళాలు ముందుకు కదిలింది. జాకీ పక్కకి ఒరిగింది. కారు ధడాలున దిగి, ఆ చక్రం మీద ఆగింది.

సైలెన్సరు గొట్టం వచ్చి ఆయన ఛాతీ మీద కూర్చుంది. తను పోలేదని ఆయనకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. ఊపిరి సగమే అందుతోంది. కేకేద్దామంటే పిల్లికూతలాంటిది వచ్చింది.

సరిగ్గా అప్పుడే మా వీధి లెక్కల మాస్టారు వచ్చారు. ఆయనకి కనిపించినవి రెండు కాళ్లు.

"మా గోడగడియారం అయిందా?"

"అయిందండీ," అంది కారు కిందనుంచి నీరసమైన గొంతు.

"గంటలు కొడుతోందా?"

"కొడుతోంది. మాస్టారూ, మా ఆవిణ్ణి... కాస్త పిలుస్తారా?"

ఇరుక్కుపోయానని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

"ఆవిడెందుకు? పని కానివ్వండి. నాకు తొందరేం లేదు," అని మాస్టారు మెట్టుమీద కూర్చుని పేపరు విప్పారు.

పావుగంటకి భార్య బయటికొచ్చింది. వంగి చూసింది. అరవలేదు.

"ఎడమకాలి వేళ్లు కదపండి."

కదిపాడు.

"అవి కుడివి."

"కింద పడుకుంటే ఏది ఏదో తెలీట్లేదు."

మాస్టారు పేపరు మడిచారు. "అంటే ఈయన ఇందాకట్నుంచీ పని చెయ్యట్లేదా?"

ఆవిడ మాస్టారిచేత ఇటుకలు మోయించి ముందు చక్రాలకి అటూ ఇటూ పెట్టించింది. ఎదురింటి లారీ డ్రైవరు తన జాకీ తెచ్చి కారుని మెల్లగా లేపాడు. లేచినంత మేరా చెక్కదిమ్మలు పేర్పించాకే ఆవిడ భర్తని బయటికి జరపనిచ్చింది.

ఆసుపత్రిలో మాత్రం ఆవిడ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి మూడుసార్లు చూసింది. ఇన్నేళ్లలో ఎవరి ఎక్స్‌రేనీ రెండోసారి చూడలేదు. రెండు పక్కటెముకలు చిట్లాయి. ఆరు వారాలు తుమ్మకూడదు, గట్టిగా నవ్వకూడదు అన్నాడు డాక్టరు. పరామర్శకి వచ్చినవాళ్లంతా కబురు మొత్తం చెప్పమనేవారు. మాస్టారు పేపరు విప్పిన చోటికి వచ్చేసరికి చెప్పే ఆయనకే నవ్వు ఆగేది కాదు. నవ్వుతూ, మూలుగుతూ మంచం అంచు పట్టుకునేవాడు.

లేచి తిరగగలిగాక కారుని మెకానిక్కు దగ్గరికి పంపి, తనూ వెళ్లాడు. గొట్టం బిగించడం పది నిమిషాల్లో అయిపోయింది.

"మీకు ఇలాంటివంటే ఇష్టమటగా. కిందికొచ్చి చూస్తారా?" అన్నాడు మెకానిక్కు.

"వద్దు బాబూ, నువ్వు చెప్పు, వింటాను," అంటూ ఆయన కుర్చీ ఇంకో రెండడుగులు వెనక్కి జరుపుకున్నాడు.