బుగ్గలు గిల్లుడు బంద్

మా ఊరు బెల్లంపల్లిలో మా చర్చివాళ్ళు వేసవి సెలవుల్లో పిల్లలకు ఒక వారం బడి పెడతారు. పొద్దున పాటలు, తర్వాత బైబిల్ కథలు, ఆటలు, మధ్యాహ్నం పప్పన్నం. ఆ ఏడాది పాస్టరమ్మ నాకు కరీంనగర్‌కు ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు గక్కడ బడిపిల్లలకు చెప్తవు గదా, గదే మా పిల్లలకు గూడ వచ్చి చెప్పు. చిన్నోళ్ళకు, పెద్దోళ్ళకు, అందరికి."

నేను చెప్పేది పిల్లల భద్రత గురించి. ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తే, అది నచ్చకపోతే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, చెప్పినప్పుడు పెద్దవాళ్ళు ఎలా వినాలి. కరీంనగర్‌లో ఒక చిన్న సంస్థ తరఫున ఒకటో తరగతి నుంచి డిగ్రీ కాలేజీ దాకా ఈ పాఠం చెబుతూ తిరుగుతుంటాను. కొత్త ఊళ్ళో కొత్త పిల్లల ముందు నాకు ఏ బెరుకూ ఉండదు. కానీ సొంత ఊళ్ళో, నేను క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం వేసి స్టేజీ మీద ఏడ్చిన సంగతి ఇంకా గుర్తుపెట్టుకున్న వాళ్ళ ముందు ఇవన్నీ మాట్లాడాలంటే బెరుకు పుట్టింది.

మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ బెరుకును ఇంకాస్త పెంచింది.

"గవన్నీ చర్చిల చెప్తవానే? ఇజ్జత్ పోతది."

"ఏవన్నీ అవ్వా?"

"గవే," అని తల తిప్పుకుని బియ్యం చెరగసాగింది.

మొదటి రోజు చిన్నపిల్లల వంతు. చర్చి పక్క హాల్లో చాపల మీద కూర్చున్నారు. ఒంటి భాగాల పేర్ల దగ్గర ఎప్పుడూ వచ్చే చిక్కే వచ్చింది. మనకు ఆ భాగాలకు రెండే రకాల మాటలున్నాయి. ఒకటి తిట్లలో వినేది, రెండోది సైన్సు పుస్తకంలో చదివేది. చివరికి "లోపలి బట్టలు కప్పే చోటు" అని చెప్పుకున్నాం. ముందు వరసలో ఒక బుడ్డోడు లేచి, "మా బాపు లోపలి బట్ట మోకాళ్ళ దాక ఉంటది, మరి మోకాళ్ళు గూడనా?" అని అడిగాడు. పాస్టరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది.

తర్వాత మూడు పనులు నేర్పించాను. గట్టిగా వద్దు అను. అక్కడినుంచి ఉరుకు. నమ్మిన మనిషికి చెప్పు. "వద్దు" అనమంటే మొదట ఎవరి నోటా సరిగ్గా రాలేదు. ఇంట్లోనూ బళ్ళోనూ పెద్దల మాటకు ఎదురు చెప్పొద్దని నేర్చుకున్న పిల్లలు కదా, సిగ్గుపడుతూ గొంతులోనే అన్నారు. "గదేం వద్దు, నాకే వినబడలే" అని రెచ్చగొట్టాను. రెండోసారి కొంచెం నయం. మూడోసారి హాలు కిటికీలు అదిరాయి. ఆ కేకకు ఎదురుగా ఉన్న టీ కొట్టులోని మనుషులు గ్లాసులతో సహా పరిగెత్తుకొచ్చారు. పాస్టరుగారు సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో ఇంట్లోంచి ఉరికి వచ్చారు. "ఏమైంది, ఏమైంది?" అంటే పిల్లలంతా ఒక్క గొంతుతో మళ్ళీ "వద్దు!" అన్నారు. అంతే, నవ్వు ఆగలేదు. పాఠం అక్కడితో ముగించాల్సి వచ్చింది.

అసలు సంగతి బయట గేటు దగ్గర జరిగింది.

మా చర్చిలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. మా బాపుతో కలిసి బొగ్గుబాయిలో పనిచేసినవాడు, కాబట్టి నాకు పెద్దబాపు, అంటే పెదనాన్న వరస. పిల్లలందరికీ తాత. బాయిలో మిషన్ల మోతలో మాట్లాడీ మాట్లాడీ గొంతు పెద్దదైపోయింది. రిటైరైనా అది తగ్గలేదు. మనసు వెన్న. కానీ పిల్లలు కనిపిస్తే బుగ్గలు గిల్లకుండా వదలడు. బొగ్గు పెళ్ళలు ఎత్తిన వేళ్ళు అవి. నా చిన్నప్పుడు కూడా ఆయన గిల్లితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

ఆ రోజు ఐదేళ్ళ మనుమరాలిని తీసుకుపోవడానికి వచ్చి, అలవాటుగా బుగ్గ మీదికి చెయ్యి చాపాడు. ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసి, అరచెయ్యి ముందుకు పెట్టి, మేం నేర్పినట్టే గట్టిగా అంది.

"వద్దు తాతా! నాకు నొప్పి అయితది!"

గేటు దగ్గరున్న తల్లులంతా ఇటు తిరిగారు. పెద్దబాపు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆయన నా వైపు చూశాడు, మనుమరాలి వైపు చూశాడు, సైకిలు తీసుకుని పోయాడు. మనుమరాలిని తీసుకుపోవడం కూడా మరిచిపోయాడు. ఆ పిల్లను నేనే ఇంటి దగ్గర దింపాను.

సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. అవ్వ కుర్చీ వేసి, "నేను ముందే చెప్పిన" అన్నట్టు నన్ను చూసి చాయ్ పెట్టడానికి పోయింది.

"ఏం బిడ్డా, పిల్లలకు ఏం నేర్పుతున్నవ్?" అన్నాడు. గొంతు పెద్దదే కానీ అందులో కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది. "నా మనుమరాలు నన్ను నలుగురి ముందట వద్దంటది. నేనేమన్న దొంగనా?"

"నిన్ను దొంగని ఎవలన్నరు పెద్దబాపూ? దానికి నొప్పి లేసింది, గదే చెప్పింది. ప్రేమ ఉన్నోనికే చెప్పలేకపోతె రేపు తప్పుడు మనిషి ఎవడన్న వస్తె గానికి ఎట్ల చెప్తది? నీ దగ్గర మొదలు వెట్టింది, మంచిదే గదా."

ఆయన అవ్వ తెచ్చిన చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"మరి నేను దాని మీద ప్రేమ ఎట్ల చూపియ్యాలె?"

"అడుగు."

"అడుగుడా? మనుమరాలినా?"

"ఆఁ, మనుమరాలినే."

ఆయన తల ఊపి లేచాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు. మర్నాడు పొద్దున హాల్లోకి వెళ్ళేసరికి వెనక గోడకు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, ఆదివారం ఆరాధనకు వచ్చినట్టే వచ్చాడు. పిల్లలు పాఠం మరిచి ఆయన్నే చూస్తున్నారు.

"తాతకు గూడ నేర్పుదామా?" అన్నాను.

ఇక చూడండి. ఒకరి మీద ఒకరు ఎక్కి మరీ నేర్పించారు. "తాతా, ముందు అడగాలె." "తాతా, చెయ్యి కలిపితె చాలు." "నాకైతె ఏం వద్దు, ఉత్తగ వందనాలు చెప్పు." మనుమరాలు మాత్రం బాగా ఆలోచించి, "నాకు ఎత్తుకోవాలె, గిల్లుడు బంద్" అని తేల్చింది. ఆయన చెయ్యెత్తి "బంద్" అని ఒప్పుకున్నాడు. హాలంతా చప్పట్లు.

ఆ మధ్యాహ్నం పెద్దపిల్లల క్లాసుకూ ఆయన ఉండిపోయాడు. పిల్లలు వచ్చి చెప్పినప్పుడు పెద్దవాళ్ళు ఏం చేయాలో అందులో చెబుతాను. ఎందుకు పోయినవ్ అని అడగకూడదు. తిట్టకూడదు. ఎవరితో అనకు అని నోరు మూయించకూడదు. "నేను నిన్ను నమ్ముతున్న, చెప్పి మంచి పని చేసినవ్" అనాలి. ఆయన ఆ మాటను పెదవుల మధ్యే పలుకుతూ అలవాటు చేసుకోవడం చూశాను. చివర్లో తనే లేచాడు.

"బాయిల దిగినప్పుడు మేం ముందుగాల కర్రతోని పైకప్పు కొట్టి చూసేది. డొల్ల సప్పుడు వస్తె కప్పు కూలుతదని పని ఆపేది. ఎవడు దొంగ, ఎవడు మంచోడు అని కాదు, పాణాలు ముఖ్యం. మీరు గూడ మనసుల జర తేడా అనిపిస్తె ఆగుండ్రి. చెప్పుండ్రి. నాకన్న చెప్పుండ్రి."

ఎవరో నవ్వారు. ఆయన కూడా నవ్వి కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున నేను ఇంకా జడ వేసుకుంటుండగానే ఆయన సైకిలు మా వాకిట్లో ఆగింది. వెనక సీటు మీద ఏడో తరగతి చదివే అమ్మాయి కూర్చుని ఉంది. పెద్దబాపు వాళ్ళ ఇంటి పక్కపిల్ల. చర్చిలో చక్కగా పాడుతుంది, మాటలే తక్కువ. పక్కన వాళ్ళ అవ్వ నడిచి వచ్చింది. ఆ తల్లి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

పెద్దబాపు అమ్మాయిని అరుగు మీద కూర్చోబెట్టి నన్ను కొంచెం అవతలికి పిలిచాడు. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా కూడా పలుకుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నిన్న పొద్దుగూకినంక నా దగ్గరికి వచ్చి చెప్పింది బిడ్డా. బడి ఉన్నప్పుడు ఆటోవోడు రోజు దీన్ని ముందు సీట్ల కూసోబెట్టుకునెటోడట. చేతులు వేసెటోడట. నేను తిట్టలే. ఎందుకు కూసున్నవని అడగలే. నమ్ముతున్న అన్న, మంచి పని చేసినవ్ అన్న. వాళ్ళవ్వకు ఇద్దరం కలిసి చెప్పినం. ఇగ ఇప్పుడు ఏం చేయాలె, నువ్వు చెప్పు."

ఈ పనిలో ఇన్నేళ్ళుగా ఉన్నాను. నా కళ్ళు తడిసింది ఆ రోజే.

అందరం కలిసి చేశాం. ముందు పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాం. తర్వాత తల్లితో పాటు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాం. అక్కడి మహిళా కానిస్టేబుల్ అమ్మాయి పక్కన కింద కూర్చుని, తొందర పెట్టకుండా విన్నది. ఆ మనిషి ఆటో బడి ముందుకు మళ్ళీ రాలేదు. అతని మీద కేసు నడిచింది. బడి తెరిచాక కొత్త ఆటో కుదిరేదాకా పెద్దబాపూ, ఆయనతో రిటైరైన ఇంకొందరూ వంతులు వేసుకుని ఆ వాడ పిల్లలందర్నీ నడిపించి తీసుకుపోయారు. బాయి షిఫ్టులకు నడిచినట్టే బారుగా నడిచేవాళ్ళట, ముందొక తాత, వెనకొక తాత.

స్టేషన్ నుంచి తిరిగి వస్తూ ఆ అమ్మాయి గోలీ సోడా అడిగింది. తాగుతూ తాగుతూ గోలీని చూసి నవ్వింది. వాళ్ళవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మాకు గూడ నేర్పు. మా చిన్నప్పుడు ఎవలు చెప్పలే. చెప్పొచ్చని గూడ తెల్వదు."

అలా అనుకోకుండా మా చర్చి స్త్రీల సమాజానికి ఒక సాయంత్రం క్లాసు పెట్టాల్సి వచ్చింది. ఎవరూ రారేమో అనుకున్నాను. హాలు చాలక చాపలు బయటికి పరిచారు. ఇద్దరు అమ్మమ్మలు కర్రలు పట్టుకుని వచ్చారు. మొదట అందరూ కొంగులు సర్దుకుంటూ కూర్చున్నారు. నేను "బస్సుల ఎవడన్న కావాలని మీద పడితె?" అన్నానో లేదో ఒక్కొక్కరూ నోరు విప్పారు. ఒకరు మోచేత్తో పొడిచిన కథ చెప్పారు, ఇంకొకరు సంతలో జరిగిన కథ చెప్పారు. కూరగాయలమ్మి పిల్లల్ని చదివించిన ఒక ముసలామె, ఏళ్ళ కిందట తన చెయ్యి పట్టుకున్న వాడి మీద తట్టెడు టమాటలు కుమ్మరించిన సంగతి చెప్పింది. "టమాటలు పోయినయి గని మనసు సల్లవడ్డది" అంటే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

అరవడం నేర్పేటప్పుడు అందరి కన్నా గట్టిగా వినిపించిన గొంతు మా అవ్వది. "చెయ్యి తియ్యిరా!" అని ఆమె అరిచిన అరుపుకు వాకిట్లో చెప్పులు విప్పుకుంటున్న పాస్టరుగారు ఉలిక్కిపడి రెండు చేతులూ పైకెత్తారు. అవ్వ నాలుక కరుచుకుని, "మిమ్ముల కాదు అయ్యగారూ" అంది. ఇంటికి పోతూ దారంతా ఆమె కొత్త కొత్త కేకలు కట్టుకుంటూనే ఉంది. ఒక కుక్క మా వెంట రాబోయి మధ్యలోనే ఆగిపోయింది.

మరుసటి వేసవికి పాస్టరమ్మ మళ్ళీ ఫోన్ చేసి రమ్మంది, కానీ పాఠం చెప్పడానికి కాదు, చూడడానికి. వెళ్ళేసరికి హాల్లో చిన్నపిల్లల ముందు ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఎనిమిదో తరగతికి వచ్చింది, పొడుగైంది. తనే గీసిన బొమ్మలు గోడకు అంటించింది. వెనక ఖాళీ లేక నేను పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాను. పక్కనున్న బుడ్డది నా గాజులు లెక్కపెడుతూ నాతో కబుర్లు మొదలుపెట్టింది, నేనూ మెల్లగా జవాబులు చెబుతున్నాను.

ఆ అమ్మాయి పాఠం ఆపి, నడుం మీద చెయ్యి పెట్టుకుని మా వైపు చూసింది.

"అక్కా, మీరు జర ముచ్చట్లు బంద్ చేసి ఇనుండ్రి. గిది అందరికి పనికొచ్చే పాఠం."

నేను వేలు పెదవుల మీద పెట్టుకుని, కాళ్ళు సర్దుకుని, బుద్ధిగా వినసాగాను.