శుక్రవారం క్షవరం

ఆ ఒక్క శుక్రవారం వల్ల నేను పోగొట్టుకున్నవి నాలుగు. ఎడమ చెవి మీద నుంచి నడినెత్తి దాకా జుట్టు. చేతికి రాబోయిన స్టోర్‌కీపర్ ఉద్యోగం. దాంతో వచ్చే నీడ. రెండేళ్లుగా పక్క మంచం మీద పడుకున్న మనిషితో మాట. జుట్టు నెలన్నరలో తిరిగి వచ్చింది. మిగిలిన మూడూ రాలేదు.

మా ఊరు ఉదయగిరి, అతనిది ఆత్మకూరు. కువైట్‌లో పైపులు వేసే కంపెనీ క్యాంపు. గదిలో ఆరుగురం ఉండేవాళ్లం, నెల్లూరు జిల్లావాళ్లం మేమిద్దరమే. నా చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం మా నాయన చిల్లరంగడిలో కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను. అతను భూములున్న ఇంటివాడు. వాళ్ల తాత అరుగు మీద కూర్చుని ఊరి పంచాయితీలు చేసేవాడట. ఈ సంగతి అతను నాకు వారానికి రెండుసార్లన్నా చెప్పేవాడు, నాతోపాటే పైపులు మోస్తూ.

క్యాంపు నుంచి టౌనుకు బస్సు శుక్రవారం పొద్దున ఒక్కటే. కటింగ్ కోసం పోతే ఉన్న ఒక్క సెలవూ దానికే సరి. అందుకని అతను ఒక మిషన్ కొన్నాడు. మా పక్క పొలం పనుల్లో బదులు అని ఒక పద్ధతి ఉంది. ఈ రోజు మీ చేలో నేను చేస్తే రేపు మా చేలో నువ్వు చేస్తావు. డబ్బు మాట రాదు, చేసిన పనికి పనే చెల్లాలి. దాన్నే తలలకు పెట్టుకున్నాం. నెలలో ఒక శుక్రవారం నేను అతనికి, ఇంకో శుక్రవారం అతను నాకు. అతను నాకు చేసేటప్పుడు తలుపుకు గడియ వేసేవాడు. నేను అతనికి చేసేటప్పుడు మాత్రం వాకిట్లో కుర్చీ వేయించుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. ఆ తేడా చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అది నా తప్పే.

క్యాంపు స్టోర్‌కీపర్ సెలవు మీద వెళ్లి మళ్లీ రాలేదు. నా లెక్కల సంగతి ఫోర్‌మన్ చెప్పడంతో, ఇంజనీరు నన్ను శనివారం పొద్దున ఆఫీసుకు రమ్మన్నాడు. అప్పటికి పదకొండేళ్లు ఎండలో పనిచేశాను. ఇక చాలనుకున్నాను. ముందురోజు కటింగ్ వంతు నాదే. అతను గడియ వేసి మిషన్ తీశాడు. ఎడమ పక్క పూర్తయ్యేసరికి మా ఆవిడ వీడియో కాల్ చేసింది. ఎత్తాను. ఎత్తినవాణ్ణి ఫోన్ పక్కకన్నా తిప్పలేదు.

“ఏంది, ఆత్మకూరన్న చేస్తా ఉండాడా నీకు?” అని ఆమె పడీ పడీ నవ్వింది. “అన్నా, వచ్చినాక బస్టాండు కాడ షాపు పెట్టు. మా వీధి పిల్లోళ్లందర్నీ తోలకొస్తా!”

నేనూ నవ్వాను. మిషన్ ఆగింది.

“ఫోన్ కట్ చెయ్ రా,” అన్నాడు. చేశాను.

“నన్ను మీ ఆడోళ్లకి చూపిస్తావా? మా తాత ముందర మీ నాయన కూర్చునే మనిషా?”

“మా నాయన ఉదయగిరి దాటి ఆత్మకూరికి ఎప్పుడొచ్చినాడురా, మీ తాత ముందర కూర్చోడానికి?”

“మంగలి పని చేయించినావు గదరా నా చేత.”

“మరి నేను నీకు చేసింది ఏం పని? అప్పుడు కాలు మీద కాలేసుకోని కూర్చున్నావే.”

“నువ్వు చేస్తే వేరే.”

మూడే మాటలు. ఇప్పటికీ చెవిలోంచి పోలేదు.

అతను వైరు చుట్టి, మిషన్‌ను సూట్‌కేసులో పెట్టి తాళం వేశాడు.

“రేపు ఇంజనీరు కాడికి పోవాల్రా. కుడి పక్క కూడా చేసెయ్, తర్వాత కొట్టుకుందాం,” అన్నాను.

“నీకు లెక్కలొచ్చు గదా. ఆ సగం నువ్వే కలుపుకో,” అని గడియ తీసి బయటికి పోయాడు.

టౌను బస్సు అప్పటికే వెళ్లిపోయింది. బ్లేడుతో మొత్తం గొరిగేసుకుంటే తీరిపోయేది. కానీ మా వైపు దేవుడి మొక్కు కాకుండా కొడుకు గుండు చేయించుకునేది తండ్రి పోయినప్పుడే. ఊళ్లో మా నాయన బతికి ఉన్నాడు. నా చేత్తో ఆ పని చేసుకోలేకపోయాను. గదిలో ఒకతను కాగితాల కత్తెరతో సరిచేయబోయి కుడి పక్కంతా మెట్లు మెట్లు చేశాడు.

శనివారం హెల్మెట్ పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. ఇంజనీరు తీయమన్నాడు, తీశాను. ఎవరితో గొడవపడ్డావని అడిగాడు. ఉన్నది చెప్పాను. గదిలో కొట్లాడేవాడి చేతికి స్టోరు తాళాలు ఇవ్వనన్నాడు. అవి వేరే క్యాంపు మనిషికి పోయాయి. నేను గది మార్చుకుని ఇంకో మూడేళ్లు పైపులు మోశాను.

ఇద్దరం వచ్చేశాం. అతనికిప్పుడు ఆత్మకూరులో ఎరువుల అంగడి ఉంది. నేను నెల్లూరు వెళ్లే బస్సు దాని ఎదురుగానే ఆగుతుంది. ఒకసారి నన్ను చూసి కిటికీ దగ్గరికి వచ్చాడు.

“ఇంకా మనసులో పెట్టుకోనుండావా? దిగు. ఏసీ సెలూన్లో చేయిస్తా, డబ్బులు నేనిస్తా.”

“డబ్బులెవురికి కావాల? బదులంటే బదులే. నువ్వే చెయ్, ఈడనే, మీ అంగడి ముందర కుర్చీ వేసి.”

అంగడి ముందు నిలబడ్డ రైతుల వైపు ఒకసారి చూశాడు. “నీకు పిచ్చి రా,” అని లోపలికి పోయాడు.

అతనికి నేను చేసినవి పంతొమ్మిది. నాకు అతను చేసినవి పద్దెనిమిదిన్నర. ఇంకా అర క్షవరం రావాలి.