ముడుల చీర

డెబ్బైలలో ఎమ్మిగనూరులో ఒక మగ్గాల షెడ్డుకు నేను మేస్త్రీని. భార్యను పోగొట్టుకున్న నేతగాడు ఒకాయన దినాలు కాగానే పనికి వచ్చినాడు. చేతులు వణికి పోగులు తెగుతూనే ఉన్నాయి.

"నూలు పాడవుతాంది, ఇంటికి పంపు" అన్నాడు షెడ్డు సావుకారు.

నాకు ఒళ్లు మండింది. "ఇంట్లో ఆయప్పకు ఎవరుండారన్నా? ఈడైతే మేముండాము" అన్నాను.

ఆ పొద్దు నుంచి మేము వంతులేసుకుని ఆయన పక్కన కూర్చుని, తెగిన పోగులకు ముడులు వేసినాము. ఏడిస్తే ఏడవనిచ్చినాము. మగ్గం మీంచి ఆ చీర దిగేసరికి ఆయన చెయ్యి కుదురుకుంది.

నిండా ముడులున్న ఆ చీర వద్దన్నాడు సావుకారు. నేనే కొన్నాను. మా ఇంటామె పండగలకు అదే కట్టేది. ముడులు పైకి కనపడేటట్టు కట్టమని నేనే చెప్పేవాణ్ణి.