మా ఇంటి వంతు డాలు

మా ఆడపడుచు పేరు పక్కన 'మోసం' అని ఎర్రక్షరాలతో పెట్టారు. పెట్టింది ఎవరో, ఏ ఊళ్ళో కూర్చుని పెట్టారో నాకు తెలియదు. ఆ మాట రావడానికి కారణం మాత్రం నేను. నాలుగో తరగతి వరకే చదివాను, అదీ ఆశ్రమ పాఠశాలలో. అక్షరం నాకు నెమ్మదిగా వస్తుంది. జరిగింది మాత్రం ఒక్క మాట పొల్లుపోకుండా గుర్తుంది. కోపంగా ఉన్నప్పుడు ఇంకా బాగా గుర్తుంటుంది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి ఆమె ఆరేళ్ళ పిల్ల. నా కొంగు పట్టుకుని కాఫీ తోటలో తిరిగేది. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. డిగ్రీ చదివింది. కాఫీ పళ్ళ తొక్క తీసే మిషను దగ్గర పని చేస్తుంది. పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఫోను పట్టుకుని ఇంటి వెనక బండ మీదకి ఎక్కుతుంది. మా ఇంట్లో సిగ్నలు రాదు. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఉన్న ఆ బండ మీదే రెండు గీతలు వస్తాయి.

అక్కడ కూర్చుని ఆమె యుద్ధం చేస్తుంది. ఆటలో మనుషులు భూమిని వదిలి వేరే గ్రహానికి వెళ్ళిపోయారు. ఆ ఆకాశంలో ఇద్దరు సూర్యులుంటారు. నేల మీద గడ్డిపోచ ఉండదు. మధ్యలో ఎనిమిది గేట్ల ఇనుప కోట ఉంటుంది. వేలమంది ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ఒకేసారి ఆడతారట. మామూలు సైనికులు లెక్కలేనంత మంది. వాళ్ళలోంచి ఏరి తీసినవాళ్ళు ఎలైట్ సైనికులు. వాళ్ళకి నల్ల కవచం ఇస్తారు. అది డబ్బుతో దొరకదు. మా ఆడపడుచు రెండేళ్ళు ఆడి ఆ దళంలో చేరింది. దళంలో ఎనిమిది మంది. మిగతా ఏడుగురూ సిటీ అబ్బాయిలు, మన తెలుగువాళ్ళే. ఒకడు కెప్టెను. ఒకడు దెబ్బలు తగిలినవాళ్ళకి మందు వేస్తాడు. మిగతావాళ్ళు తుపాకులు పేలుస్తారు. ఈమెది డాలు. అందరికంటే ముందు నిలబడి, వచ్చే మంటంతా తన మీద వేసుకోవడం ఆమె పని.

"ఇంతమందిలో ఈ దెబ్బలు తినే పని నీకే దొరికిందేటే?" అని అడిగాను మొదట్లో.

"తుపాకోడు సస్తే ఇంకోడుంటాడు వదినా. డాలు పడిపోనాదంటే అందరూ పోనట్టే. ఊరికే ఇచ్చారనుకున్నావేటి?" అంది గర్వంగా.

ఆమె ఆడుతుంటే పక్కన కూర్చుని చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతూ చూసేదాన్ని. చూసింది చూసినట్టు నా తలలో ఉండిపోతుంది. మూడో గేటు తెరిస్తే మంట కుడి నుంచి వస్తుంది. ఏ గేటు దగ్గరైనా బూర రెండుసార్లు మోగితే ఎడమకి తిరుగుతుంది. ఆరో గేటు దగ్గర అంతా నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ పై నుంచి పడుతుంది. ఆమె మర్చిపోయి "వదినా, నాలుగు తర్వాత ఏటి?" అని అడిగితే చాట దించకుండానే చెప్పేదాన్ని. ఆమెకి సరదా పుట్టి, నేర్చుకునేవాళ్ళ మైదానంలో నన్ను కూడా దింపింది. కాఫీ కోతల్లో నా బొటనవేళ్ళు బండబారిపోయాయి, నొక్కితే ఫోను పలికేది కాదు.

"ఈ అద్దం నా ఏలుని మనిషి ఏలనుకోటం లేదే" అంటే పడీ పడీ నవ్వింది. వేలు తడిపి, కొంగుకి తుడిచి నొక్కడం తనే నేర్పింది. డాలు ఎత్తడం, దించడం, అడుగు ముందుకి, అడుగు వెనక్కి. అంతకు మించి నేను నేర్చుకోలేదు.

ఇక్కడ మా వైపు పని సంగతి ఒకటి చెప్పాలి. మేం బదులు పని చేసుకుంటాం. ఈరోజు అందరం మీ చేలో, రేపు అందరం మా చేలో. ఇంటికో మనిషి రావాలి. ఫలానా మనిషే రావాలని ఎవరూ అనరు. మా ఆయన మంచాన పడిన ఏడాది కాఫీ గుంతలు తవ్వడానికి నేను వెళ్ళాను. నేను పురిట్లో ఉన్నప్పుడు పదేళ్ళ ఈ ఆడపడుచే నా బదులు కలుపు తీయడానికి వెళ్ళింది. ఆ పిల్ల తీసిన కలుపు పెద్దమనిషి తీసినట్టే చెల్లింది. నువ్వు నువ్వు కాదు కదా అని ఎవరూ అడగలేదు. రాకుండా ఇంట్లో కూర్చోవడమే తప్పు మాకు. బదులు మనిషిని పంపడం మర్యాద.

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండింటికి దళమంతా కోటలోకి వెళ్ళాలి. ఎనిమిది మందీ చివరి గేటు దాకా బతికి ఉంటేనే నల్ల కవచం శాశ్వతంగా వాళ్ళదవుతుంది. ఒక్కరు తగ్గినా ఎనిమిది మందీ మళ్ళీ మామూలు సైనికులు అయిపోతారు. ఆమె నెల రోజుల నుంచి అదే మాట చెబుతోంది. సరిగ్గా ఆ పూటే చలిజ్వరం పట్టుకుంది. మూడు దుప్పట్లు కప్పినా మంచం ఊగిపోతోంది. ఆశా కార్యకర్త వచ్చి రక్తం చూసి మలేరియా అని మాత్రలిచ్చి వెళ్ళింది. ఆ స్థితిలో లేచి బండ ఎక్కబోయింది. గడప దాటకుండానే కూలబడింది.

"నాను ఎల్లకపోతే ఏడుగురూ పోతారు వదినా. రెండేళ్ళు పడ్డ కట్టం..." అని ఏడ్చింది.

"నువ్వు తొంగో. మనింటి వంతు నానెల్తాను."

జ్వరం కళ్ళతో నన్ను చూసింది. "నువ్వా?" అంది. తర్వాత పళ్ళు కొట్టుకుంటూనే, "మైకు మాత్రం నొక్కకు" అంది.

వెళ్ళాను. వాన అప్పుడే వెలిసింది, బండ తడిగా ఉంది. గోనెపట్టా వేసుకుని కూర్చున్నాను. నలభై నిమిషాలు. మొదటి నాలుగు గేట్లూ తల దించకుండా నిలబడ్డాను. అయిదో గేటు దగ్గర పొగ కమ్మింది. ఎవరికీ ఎవరూ కనబడటం లేదు. కెప్టెను అరుస్తున్నాడు: "షీల్డ్ ఎక్కడ? షీల్డ్ ఉందా, పోయిందా? చెప్పకపోతే వెనక్కి వెళ్ళిపోదాం!"

వెనక్కి వెళ్తే చచ్చేది వాళ్ళే. బూర రెండుసార్లు మోగింది, మంట ఎడమ నుంచి వస్తుంది. నేను విన్నాను, ఆ అరుపుల్లో వాళ్ళు వినలేదు. మైకు నొక్కేశాను.

"ఉన్నాన్లే బాబూ, ఎక్కడికీ ఎల్లను. మీరందరూ నా ఎనకాలకి రండి. మంట ఎడమ పక్క నుంచొస్తాది."



"ఎవరండీ మీరు?" అన్నాడు కెప్టెను.

"మీ డాలు పిల్ల వదినని. దానికి మలేరియా జొరం. మా ఇంటి వంతు నానొచ్చాను."

నవ్వులు వినిపించాయి. ఒకడు "ఆంటీ, సూపర్" అన్నాడు. కెప్టెను "సరే సరే, కానివ్వండి, డాలు దించకండి" అన్నాడు. దించలేదు. ఎనిమిదో గేటు దాటి ఎనిమిది మందీ బతికే బయటికి వచ్చాం. ఇక శాశ్వతమన్న గుర్తుగా బంగారు గీత ఉన్న నల్ల కవచం ఒంటి మీదకి వచ్చింది. పరుగున ఇంట్లోకి వెళ్ళి చూపిస్తే ఆ జ్వరంలోనే నన్ను కావలించుకుంది. వేడికి నా మెడ కాలింది.

మూడు రోజుల తర్వాత ఆమె లేచి తిరుగుతూ ఫోను తెరిస్తే ఎర్రక్షరాలు. అకౌంటు ఆపేశారు. వేరేవాళ్ళ చేత ఆడించుకున్నందుకట.

"మైకు నొక్కొద్దని సెప్పానా లేదా?" అని నా మీద అరిచింది. అరవనీ, తప్పు లేదు.

తర్వాత తెలిసింది ఎలా బయటపడిందో. ఆ ఏడుగురిలో ఒకడు నా మాటలు రికార్డు చేసి, నవ్వే బొమ్మలు పెట్టి నలుగురికీ పంపాడు. 'ఎక్కడికీ ఎల్లను' అన్న నా మాట ఎవరెవరి ఫోన్లలోనో తిరిగి ఆట నడిపేవాళ్ళ చెవిన పడింది. వాళ్ళు కెప్టెన్ని అడిగారు. అతను ఏం చెప్పాడో అతని నోటితోనే విన్నాను. ఆమె ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"మాకేం తెలీదని చెప్పాను. గేమ్ అయిపోయాక తెలిసిందన్నాను. లేకపోతే అందరి అకౌంట్లూ పోయేవి, అర్థం చేసుకో" అన్నాడు.

నేను ఊరుకోలేదు. "అయిదో గేటు కాడ సెప్పాను గదా బాబూ. తెలిసీసి నా ఎనకాల మూడు గేట్లు నడిచారు. తెల్దని ఎలా సెప్పావు?"

"ఆంటీ, రూల్ అంటే రూల్. ఎలైట్ అంటే ఎవరు పడితే వాళ్ళు ఆడేది కాదు. స్కిల్ ఉండాలి."

"ఎవరు పడితే ఆళ్ళా? నీ ముందర నిల్సుంది ఎవరు?"

"మీ ఏజెన్సీ కొండల్లో ఇవన్నీ తెలీవులెండి. మీతో నాకెందుకు? తనతోనే మాట్లాడతాను" అని పెట్టేశాడు.

రూలు ఉందని ఒప్పుకుంటాను. ఒకరి అకౌంటులో ఇంకొకరు ఆడకూడదని రాసి ఉందట. ఆమెకి తెలుసు, నాకు తెలియదు. తెలిసినా వెళ్ళేదాన్నేమో. నా కోపం రూలు మీద కాదు. నేను నిలబడి గెలిచిన గెలుపు ఆ ఏడుగురికీ చెల్లింది. వాళ్ళ కవచాలు వాళ్ళకే ఉన్నాయి, బంగారు గీతలు కూడా ఉన్నాయి. మా ఇంటికి మాత్రం చెల్లలేదు. నా చెయ్యి దొంగ చెయ్యి అయితే ఆ చేతి వెనక దాక్కుని గేటు దాటినవాళ్ళు ఏమవుతారు? అబద్ధం చెప్పింది ఎవరు? మోసం అని రాయాల్సింది ఎవరి పేరు పక్కన? కాఫీ పళ్ళు కోస్తూ ఇదే అనుకునేదాన్ని. పచ్చి కాయలు కూడా తెంపి బుట్టలో వేసేస్తుంటే మా ఆయన "ఏటి సేత్తన్నావు నువ్వు?" అని బుట్ట లాక్కున్నాడు.

ఆట నడిపేవాళ్ళు ఒక దారి చూపించారు. తెర మీద ఒక గడి. 'నేను మోసం చేశాను' అని ఒప్పుకుంటూ దాని మీద నొక్కాలి. నొక్కితే నెల తర్వాత అకౌంటు తెరుస్తారు. నల్ల కవచం ఉండదు, అడుగు నుంచి మళ్ళీ మామూలు సైనికురాలిగా మొదలు పెట్టాలి. నొక్కకపోతే వచ్చే శుక్రవారం మొత్తం చెరిపేస్తారు. రెండేళ్ళ ఆటా పోతుంది.

ఇక్కడ నేను పిరికిదాన్నయ్యాను. నా వల్ల దాని రెండేళ్ళు పోతున్నాయన్న బాధతో, "నొక్కీయే. బేగి నొక్కీసి ఒదిలించుకో. ఎవరు సూడొచ్చారు?" అన్నాను.

ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "వదినా, నువ్వు మోసం సేసావా?" అని అడిగింది.

"నానేటి మోసం సేత్తాను? జొరమొస్తే ఎల్లాను."

"మరి నానేటని నొక్కాలి? నానిది నొక్కితే నిన్ను దొంగనన్నట్టే గదా."

"నన్నంటే అననీ. నాకేటి పోద్ది?"

"నీకు పోకపోతే నాకు పోద్ది" అంది.

నొక్కలేదు. కింద రాసుకోవడానికి కొంచెం చోటు ఉంటే అక్కడ తెలుగులోనే రాసింది. 'నాకు మలేరియా వచ్చింది. మా ఇంటి నుంచి మా వదిన వచ్చింది. అయిదో గేటు దగ్గరే అందరికీ చెప్పింది. మోసం చేయలేదు.' రాసి నాకు చదివి వినిపించి పంపింది. దానికి జవాబే రాలేదు. చదివారో లేదో, చదవడం వచ్చినవాళ్ళు అక్కడ ఉన్నారో లేదో.

శుక్రవారం సంత. అల్లం అమ్ముకుని ఇద్దరం ఇంటికి వచ్చి బండ ఎక్కి చూసేటప్పటికి ఆటలో ఆమె సైనికురాలు లేదు. ఖాళీ తెర ఉంది. ఆమె బిందె తీసుకుని వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చింది. నేను ఆమె ముఖం చూడలేక పొయ్యి ముందు కూర్చున్నాను.

ఆదివారం ఆమెకి ఒక మెసేజ్ వచ్చింది, ఆటలో కాదు, మామూలుగా ఫోనుకి. దళంలో మందు వేసే అబ్బాయి. 'సారీ అక్కా. మీ వదిన చాలా బాగా ఆడారు. ఆవిడ లేకపోతే అయిదో గేటు దగ్గరే అందరం పోయేవాళ్ళం. నాకు తెలుసు.'

ఆమె ముఖం కొంచెం విప్పారింది. "సూడు వదినా, ఒకడైనా ఉన్నాడు" అంది.

నాకు మాత్రం కెప్టెను మాటలకంటే ఆ మెసేజ్ చూస్తేనే ఎక్కువ మండింది. కెప్టెను తన సంగతి తను చూసుకున్నాడు. వీడికి అంతా తెలుసు. తెలిసి వారం రోజులు నోరు మూసుకున్నాడు. చెరిపేశాక వచ్చి చెవిలో చెబుతున్నాడు.

"ఏటి రాయమంటావు?" అని అడిగింది.

"ఆ మాట ఏడుగురూ ఉన్నకాడ సెప్పమను. ఆట నడిపేవోళ్ళకి సెప్పమను."

రాసింది. అతను చూసినట్టు గుర్తు పడింది. చాలాసేపటికి జవాబు వచ్చింది: 'అలా చెప్తే నా అకౌంట్ కూడా పోతుంది అక్కా.'

ఆమె ఫోను నా వైపు తిప్పి పట్టుకుంది. నేను కూడబలుక్కుని చదివాను.

"అయితే ఆ మంచి మాట నీ కాడే ఉంచుకోమను" అన్నాను.

ఆమె దాన్ని ఉన్నదున్నట్టు, మా మాటలోనే రాసి పంపింది. ఆ తర్వాత ఆ అబ్బాయి నంబరు కూడా తీసేసింది. నేను వద్దనలేదు.