వంగని నూకరాజు

బస్తరు అడవుల్లోని కిరండూల్ రైల్వే క్వార్టర్సులో నూకరాజు నడుము గురించి తెలియనివాళ్ళు లేరు. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక వారం గడువిచ్చేవాడు. ఆలోగా వాళ్ళు వచ్చి అడగకపోతే స్కానింగు ఫిల్ముల కవరు చంకన పెట్టుకుని తనే వెళ్ళి పరిచయం చేసేవాడు. తనని కాదు, నడుముని. "ఎల్ ఫోరు, ఎల్ ఫైవు," అనేవాడు, ఇద్దరు కొడుకుల పేర్లు చెప్పినట్టు. "రెండు పూసలూ సెడిపోనాయి."

అనకాపల్లి పక్క పల్లె నుంచి ఇరవై ఆరేళ్ళ వయసులో ట్రాక్‌మన్‌గా ఈ లైనుకి వచ్చాడు. ఇనుపరాయి మోసే గూడ్సు బళ్ళ కింద పట్టాలకి ఎప్పుడూ ఏదో ఒక మరమ్మతు ఉంటూనే ఉంటుంది. ఎనిమిదేళ్ళ కిందట, వానల్లో, పక్క స్టేషను బచేలీ దగ్గర పట్టా ఎత్తుతుండగా కంకరలో కాలు జారింది. నడుములో కటుక్కుమంది. నలుగురు మోసుకొచ్చారు. తర్వాత విశాఖపట్నంలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ఫిల్ముని వెలుతురుకి పట్టి చూశాడు. నూకరాజు వైపు చూడలేదు. "డిస్కు జారింది. ఇంక జన్మలో వంగకండి. వంగితే కాళ్ళు పడిపోతాయి," అని బయట ఉన్న తర్వాతి మనిషిని పిలిచాడు. అంతా కలిపి అర నిమిషం.

నూకరాజు ఆ మాట జవదాటలేదు. అమ్మా నాన్నా చెప్పినవి వినలేదు గానీ, ముక్కూ మొహం తెలియని ఆ డాక్టరు మాటని మాత్రం ఎనిమిదేళ్ళు శిరసావహించాడు. వంగలేదు. బూట్ల తాళ్ళు భార్య పైడితల్లి కట్టేది. స్నానాల గదిలో సబ్బు జారితే పైడితల్లి పరిగెత్తేది. కుళాయి దగ్గర బిందెలు, సంతలో సంచులు, గ్యాసు బండ, అన్నీ ఆమెవే. బజారులో తువ్వాలు కిందపడితే దాని పక్కనే కాపలా నిలబడి, దారినపోయేవాణ్ణి "భయ్యా, జరా ఉఠా దో" అని, ఎత్తిచ్చేదాకా బతిమాలుకునేవాడు.

అలాగని నొప్పి అబద్ధం కాదు. కుర్చీలోంచి లేస్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. బెల్టు బిగించాడు. జగదల్‌పూర్ నుంచి తైలం తెప్పించాడు. ఉసూర్ అడవుల వైపు నుంచి ఎవరో తెచ్చిన వేరు అరగదీసి పట్టు వేశాడు. నొప్పి అన్నిటినీ మర్యాదగా ఆహ్వానించి, తన చోట తాను కూర్చుంది. రైల్వే వాళ్ళు జాలిపడి పనిముట్ల గదిలో కుర్చీ ఇచ్చారు. ఎవరికి ఏ సుత్తి ఇచ్చాడో రాసుకోవడం పని. సుత్తి ఎత్తి ఇవ్వడం కాదు. అది తీసుకునేవాడే ఎత్తుకోవాలి.

ఇలా ఉండగా పక్క క్వార్టరు గూడ్సు గార్డు పాల్ కూతురు శాంతిప్రియ విశాఖలో ఫిజియోథెరపీ చదివి, రెండేళ్ళు అక్కడే పనిచేసి, తిరిగొచ్చి బజారులో ఒక గది తెరిచింది. పైడితల్లి మొగుణ్ణి లాక్కెళ్ళింది.

నూకరాజు ఫిల్ములు పరిచాడు. ఆ పిల్ల వాటిని ఒకసారి చూసి పక్కన పెట్టేసింది. ఎనిమిదేళ్ళలో అంతటి అవమానం ఆయనకి జరగలేదు.

"మావయ్యా, నొప్పి ఎప్పుడు తక్కువగా ఉంటుంది?"

"ఎప్పుడూ ఉండదు."

"పేకాటకి కూకుంటే నాలుగ్గంటలు మూలుగుండదు," అంది పైడితల్లి.

"నువ్వూరుకోయే!"

శాంతిప్రియ మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది. కాళ్ళ బలం చూసింది. అరగంట అక్కడా ఇక్కడా నొక్కి, అప్పుడు చెప్పింది. "దెబ్బ ఎప్పుడో మానిపోయింది మావయ్యా. ఈ ఫిల్ములో ఉన్నది మీ వయసు వాళ్ళలో చాలామందికి ఉంటుంది, వాళ్ళకి నొప్పే ఉండదు. మీ నొప్పి నిజమే. కానీ అది నరాలు ఇచ్చే హెచ్చరిక. సిగ్నలు ఎర్రగా ఉందంటే ప్రతిసారీ పట్టా విరిగినట్టేనా? ఒక్కోసారి సిగ్నలే చెడిపోతుంది కదా."

"అంటే నానేటి, యాక్టింగు సేస్తన్నానా?"

"అలా అనలేదు."

"నిన్న గాక మొన్న మా పెరట్లో జాంకాయలు దొంగిలించిన గుంటవి! నువ్వు నాకు సెప్తావా?" అని నూకరాజు విసురుగా లేచి వెళ్ళిపోయాడు. విసురంటే, తలుపు దాకా చేరడానికి రెండు నిమిషాలు పట్టింది.

నెల్లాళ్ళు కనబడ్డవాడికల్లా ఆ పిల్ల తలపొగరు గురించి చెప్పాడు. కానీ ఎవరికీ ఒప్పుకోని సంగతి ఒకటి ఆయనకి తెలుసు. సిగ్నలు చెడిపోయి, ఏ తప్పూ లేని పట్టా పక్కన బళ్ళు గంటలకొద్దీ ఆగిపోవడం ఇరవయ్యేళ్ళు కళ్ళారా చూశాడు. ఆ పోలిక ముల్లులా గుచ్చుకుంది. చివరికి ఆమె తప్పని నిరూపించడానికే మళ్ళీ వెళ్ళాడు.

"పట్టా ఇరగలేదని రాసిస్తావా?"

"ముందు వెల్లకిలా పడుకోండి."

పడుకున్నాడు. మోకాళ్ళు ముడిచి నెమ్మదిగా గుండెకి దగ్గరగా తీసుకోమంది. తీసుకున్నాడు. ఊపిరి వదలమంది. వదిలాడు. కొంచెం పట్టేసింది గానీ, ఓర్చుకోగలిగాడు.

"ఇప్పుడు మీ నడుము ఎంత వంగిందో తెలుసా? బూటు తాడు కట్టుకునేంత."

నూకరాజు మొహం పాలిపోయింది. మోకాళ్ళు వదిలేసి, మెడ ఎత్తి, భయంభయంగా తన పాదాల వైపు చూసుకున్నాడు. బొటనవేళ్ళు కదిపాడు. కదిలాయి. మళ్ళీ కదిపాడు.

"మీకు వంగొద్దని ఎవరు చెప్పారు?"

డాక్టరు మాటలు పొల్లు పోకుండా అప్పజెప్పాడు. పట్టాల మీద చనిపోయినవాళ్ళని ఎత్తినప్పుడు కూడా ఏడవని మనిషి, బల్ల మీద పడుకుని, జాంకాయల దొంగ ముందు ఏడ్చాడు. ఎనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే కాళ్ళు ఉన్నాయో లేదో తడిమి చూసుకుని లేచేవాడట. ఆ సంగతి పక్కనే నిలబడ్డ పైడితల్లికి కూడా అప్పుడే తెలిసింది.

తర్వాత పనంతా నిదానం. కుర్చీలో కూర్చుని చెయ్యి మోకాలి దాకా. వారం పోయాక పిక్క దాకా. నొప్పి వచ్చేది, చెమటలు పట్టేవి, ఆ పిల్లని తిట్టేవాడు, మర్నాడు మళ్ళీ వంగేవాడు. బెల్టు రోజుకి ఒక గంట తీసేవాడు, తర్వాత రెండు. మూడో నెలలో ఒక గురువారం తన ఎడమ బూటు తాడు తనే కట్టుకున్నాడు. ముడి ఘోరంగా పడింది. తలెత్తి, పొగడ్త కోసం గుమ్మం వైపు చూశాడు.

పైడితల్లి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "రెండోది?" అంది.

రెండోదీ కట్టాక ఆమె లోపలికి వెళ్ళి చాప వేసుకుని పడుకుంది. పట్టపగలు ఆమె పడుకోవడం నూకరాజు ఎప్పుడూ చూడలేదు. కుడి భుజం ఐదేళ్ళ నుంచి లేవడం లేదని, తల దువ్వుకోవడం కూడా ఎడం చేత్తోనేనని అప్పుడు చెప్పింది.

"మరి ఎప్పుడూ సెప్పలేదేటే?"

"ఇంట్లో నొప్పికి కుర్సీ ఒకటే. అందులో నువ్వు కూకున్నావు," అంది గోడ వైపు తిరిగి.

ఆయన లేచి, బిందె తీసుకుని కుళాయికి వెళ్ళాడు. సగమే నింపాడు. నాలుగుసార్లు తిరిగాడు.

రైల్వే డాక్టరు పరీక్షించి పనికి తగినవాడని రాసేసరికి పనిముట్ల గదిలో కుర్చీ పోయింది. దానికి మాత్రం నూకరాజు నిజంగా బాధపడ్డాడు. వారం తిరక్కుండా గిరీష్ అనే జూనియరు మెడనొప్పి ఫిల్ములు పట్టుకొచ్చి అందులో కూర్చున్నాడు. నూకరాజుని పట్టాల బిగింపులు చూసుకునే కీమన్‌గా లైను మీదికి పంపారు. రోజూ పట్టాల వెంట మైళ్ళు నడవాలి. వానాకాలంలో ఇప్పటికీ నడుము పట్టేస్తుంది. అప్పుడు కంకర మీదే నిలబడి, ఊపిరి వదిలి, ఆ పిల్లని ఒక తిట్టు తిట్టి, మళ్ళీ నడుస్తాడు.

ఫిల్ముల కవరు అటక మీదికి చేరింది గానీ నోరు చేరలేదు. సంతలో కూరలమ్మే నందేకి సగం హిందీలో, సగం తెలుగులో నరాల పాఠం చెప్పబోయాడు. ఆమె గోండీలో ఏదో అని, పక్కవాళ్ళతో కలిసి చాలాసేపు నవ్వింది. వంకాయలు మాత్రం తూచి ఇచ్చింది. పైడితల్లి మంగళవారాలూ శుక్రవారాలూ శాంతిప్రియ దగ్గరికి ఒక్కతే వెళ్తుంది. ఆ రెండు పూటలా నూకరాజే వండుతాడు. అన్నం ఎక్కువగా మాడుతుంది. ఆమె ఇప్పుడు కుడి చేత్తోనే జుట్టు ముడేసుకుని వచ్చి, దాన్నే కలుపుకుని తింటుంది.